ఐదు ఫ్రేములు ముందుగా

దువాన్ హోషాన్‌ను నగరానికి తీసుకువెళ్ళే వ్యాను నాలుగు గంటలకు వస్తుంది. సబ్ ఇన్‌స్పెక్టర్ నింగ్ సూహె పైఅంతస్తు గది తలుపు మీది సీలు కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసేసరికి రెండూ పది అయింది. ఆమె చేతిలో ఉన్నది నూట పది నిమిషాలు.

గదిలో ఒక ఇనుప బీరువా, ఒక కుర్చీ. కింద హాల్లో ఉన్న అరవై కంప్యూటర్ల తీగలూ వచ్చి చేరేది ఇక్కడికే. పోయిన శనివారం మధ్యాహ్నం ఈ బీరువా అంచుకు తల కొట్టుకుని నెట్ సెంటర్ యజమాని జెంగ్ దెఫు పడిపోయాడు. మూడూ యాభైకి ఆయన భార్య పైకి వచ్చి చూసింది. ఆయన మెడ మీద ఎవరివో రెండు బొటనవేళ్ళ గుర్తులున్నాయి. ఇప్పటికి ఏడు రోజులు. ఆస్పత్రిలో ఆయన ఇంకా కళ్ళు తెరవలేదు.

నింగ్ ఆ రోజు తీసిన ఫోటోను చేత్తో పట్టుకుని గదిని దానితో పోల్చుకుంటూ వచ్చింది. బీరువా రెండో అరలో దుమ్ము మధ్య అన్నం డబ్బా అంత శుభ్రమైన చోటు అలాగే ఉంది. అక్కడ ఉండవలసిన వస్తువేదో ఆ రోజే లేదు. పైకప్పు కన్నంలోంచి దిగిన నీలం తీగ ఒకటి ఊరికే వేలాడుతోంది. ఫోటోలో దాని కొస రెండో అరను తాకుతోంది.

ఇప్పుడు అది పై అర దాటి దిగలేదు.

ఆమె మరోసారి ఫోటో చూసింది. మరోసారి తీగను చూసింది. తలుపు సీలు ఎక్కడా చెక్కు చెదరలేదు. కిటికీకి ఇనుప చువ్వలు. గదిలోకి ఎవరూ రాలేదు. వారంలో ఎవరో పైకప్పు మీద నుంచి ఆ తీగను జానెడు మేర లాక్కున్నారు.

పైకప్పుకు దారి కింద నడవాలో, మరుగుదొడ్డి పక్కన ఉన్న నిచ్చెన. నింగ్ వెళ్ళి చూసింది. పైన ఇనుప తలుపు, దానికి తాళం. కంప్యూటర్లు బాగుచేసే తావ్ బిన్ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ అక్కడికి వచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, బక్కగా ఉంటాడు.

"తాళంచెవి ఏది?"

"ఓనర్ దగ్గరే ఉండేది మేడమ్. ఆస్పత్రిలో బట్టలు మార్చినప్పుడు ఎక్కడో పోయినట్టుంది."

నింగ్ తల ఊపింది. అప్పుడే ముందు తలుపు దగ్గర ఒక ఆడగొంతు తీయగా పలికింది.

"స్వాగతం, దయచేయండి."

*

తలుపు మీద బిగించిన ఆకుపచ్చ ప్లాస్టిక్ కప్ప అది. దాని కింద నుంచి ఎవరు లోపలికి వచ్చినా, బయటికి పోయినా అదే మాట అంటుంది. నగరం నుంచి వచ్చిన నెట్ విభాగం అధికారి గెంగ్ లీచెంగ్ దానివైపు చిరాగ్గా చూశాడు. ఆయన వెనక బేడీలతో దువాన్, ఆ వెనక ఒక కానిస్టేబులు లోపలికి వచ్చారు. కప్ప మరో రెండుసార్లు స్వాగతం పలికింది.

"ముందు దాని నోరు మూయించండి," అన్నాడు గెంగ్.

"అది ఎవరొచ్చినా అంటుంది నాయనా, పోలీసులని దానికేం తెలుసు?" కౌంటర్ వెనక నుంచి అంది జెంగ్ భార్య. అరవై ఏళ్ళామె. ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతిలో ఇంకా వేడినీళ్ళ ఫ్లాస్కు ఉంది. "మా ఆయన కొన్నాడు. ఆయన వచ్చేదాకా దాన్ని తియ్యను."

గెంగ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మా నింగ్, నువ్వడిగావని తీసుకొచ్చాను. నాలుగింటికి వ్యాను వస్తే ఇతను ఎక్కుతాడు. ఈలోపు ఏం అడుగుతావో అడుగు. నాకు కొత్తగా తెలిసేదేం లేదు."

దువాన్‌కు ముప్ఫై నాలుగేళ్ళు. పక్క కొట్టులో నూడుల్స్ వండుతాడు. ముంజేతుల నిండా నూనె చిందిన పాత మచ్చలు. నింగ్ అతని ఎదురుగా కూర్చుంది.

"దువాన్ అన్నా, ఆ శనివారం మూడు గంటలకి ఎక్కడున్నావ్?"

"నలభై ఏడో సీట్లో."

"ఏం చేస్తున్నావ్?"

"కూర్చున్నా."

గెంగ్ నవ్వాడు. "గంటకి ఐదు యువాన్లిచ్చి ఊరికే కూర్చునేవాణ్ణి ఇంతవరకు చూళ్ళేదు."

దువాన్ మాట్లాడలేదు. వారం నుంచి ఇదే తీరు. అతను కౌంటర్ వైపు ఒక్కసారి చూసి కళ్ళు దించుకోవడం ఆమె గమనించింది. జెంగ్ భార్యకు కూడా అది కనిపించినట్టుంది. ఫ్లాస్కు కింద పెట్టింది.

"చెప్పరా హోషాన్," అంది. "లైసెన్సు పోతే పోయింది. ఆయన లేచాక నన్ను తిడితే నేను పడతాను. నువ్వు జైలుకి పోయి మా లైసెన్సు కాపాడక్కర్లేదు."

దువాన్ చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. 'ఏడు కోటలు' అనే పాత జర్మన్ ఆట. గుర్రాల మీద తిరిగే శత్రువులను బాణాలతో కొట్టాలి. ఆ ఆటకు ఈ దేశంలో అనుమతి లేదు కాబట్టి ఇక్కడ సర్వర్ లేదు. ఆడాలంటే ఫ్రాంక్‌ఫర్ట్ దాకా పోవాలి. దానికి జెంగ్ ముసలాయన అనుమతి లేని యాక్సిలరేటర్ ఒకటి పెట్టాడు, విదేశీ సర్వర్ దాకా దొంగదారి చూపించే ప్రోగ్రాం. తొమ్మిదేళ్ళ కిందట దువాన్ అడిగాడనే పెట్టాడు.

"బయటపడితే ఈయన సెంటర్ మూసేస్తారు. అందుకని చెప్పలేదు."

"ఎంత ఆలస్యం ఉంటుంది ఆ దారిలో?" అడిగింది నింగ్.

"పావు సెకను."

"అంటే?"

"నేనిక్కడ బాణం వదిలితే, ఆ సంగతి అక్కడికి చేరి, ఏం జరిగిందో తిరిగొచ్చి నాకు కనిపించేసరికి పావు సెకను అవుతుంది. నేను చూసే గుర్రం అప్పటికే అక్కడుండదు. అందుకని ముందే వదలాలి."

"ఎంత ముందో ఎలా లెక్కేస్తావ్?"

అతను అర్థంకానట్టు చూశాడు. "లెక్కెయ్యను. మీరు మెట్లు దిగేటప్పుడు లెక్కపెడతారా?"

గింజలు కొరుకుతున్న తావ్ బిన్ నోరు ఒక్క క్షణం ఆగింది. నింగ్ అతని వైపు తిరిగింది.

"ఆ రోజు నువ్వెక్కడున్నావ్ బిన్?"

"ముందే చెప్పా కదా మేడమ్. వెనక వరసలో పన్నెండో మెషీను విప్పుకుని కూర్చున్నా. మూడూ పదిహేను నుంచి నలభై ఏడో సీటు ఖాళీ. నా కళ్ళతో చూశా."

"ఈ సెంటర్‌కి ఎన్ని లైన్లు?"

"ఒకటే."

"వేగం ఎప్పుడన్నా మారుతుందా?"

"తొమ్మిదేళ్ళుగా అదే నత్త," నవ్వాడు తావ్. తర్వాత గోడ గడియారం చూశాడు. రెండూ ముప్ఫై ఐదు. "పొద్దుట్నించీ ఏం తినలేదు మేడమ్. లోపల ఫోన్ చార్జింగ్‌లో ఉంది, తీసుకుని నూడుల్స్ తినొస్తా."

"వెళ్ళు," అన్నాడు గెంగ్, నింగ్‌ను అడక్కుండానే. తావ్ నడవాలోకి వెళ్ళాడు.

*

గెంగ్ తన లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు నా వంతు. ఈ ఆట సర్వర్ ప్రతి పందేన్నీ దాచిపెడుతుంది. మా విభాగానికి విదేశీ పేజీలు తెరిచే అనుమతి ఉంది కాబట్టి తెప్పించాను. అక్కడి టైముకి ఆరు గంటలు కలిపి చూడు. ఇతని ఖాతా ఆట మొదలుపెట్టింది మూడూ రెండుకి. మూడూ పద్నాలుగు దాకా ఇరవై తొమ్మిది బాణాలు. ఎన్ని తగిలాయి?"

"ఇరవై తొమ్మిది," అంది నింగ్. ఆ రికార్డింగును ఆమె మూడు రాత్రులుగా చూస్తోంది.

"మూడూ పద్నాలుగు నుంచి మూడూ నలభై ఒకటి దాకా?"

"పదమూడు వేశాడు. ఒక్కటీ తగల్లేదు."

"ఆ తర్వాత?"

"ఎనిమిది. ఎనిమిదీ తగిలాయి."

"అదీ సంగతి. మధ్యలో ఆడింది వేరే చెయ్యి. డబ్బిస్తే ఖాతా తీసుకుని ఆడిపెట్టేవాళ్ళు ఎక్కడెక్కడో వేలమంది ఉన్నారు. ఇతను ఎవడికో ఖాతా అప్పజెప్పి, పైకెళ్ళి ముసలాయన్ని తోసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. కప్ప ఆ టైములో ఒక్కసారి కూడా పలకలేదు, అంటే బయటివాళ్ళెవరూ రాలేదు. కెమెరాకి అందేది ముందు వరసే, అందులో నలుగురు పిల్లలూ కదలకుండా ఉన్నారు. పెద్దమ్మ కౌంటర్లో ఉంది. బిన్ సీటు ఖాళీగా ఉందంటున్నాడు. ఇంకేం కావాలి నీకు? మూడూ నలభై ఎనిమిదికి కార్డు గీకి వెళ్ళిపోయినవాడు చీకటిపడేదాకా దొరకలేదు."

"ఎక్కడికెళ్ళావ్ అన్నా?" అడిగింది నింగ్.

"నది గట్టున నడిచా."

"ఎందుకు?"

దువాన్ గొంతు తగ్గింది. "పదమూడు తప్పాయి. తొమ్మిదేళ్ళలో వరసగా మూడు తప్పిన రోజు లేదు. చివర్లో తగిలినవి కూడా పొరపాటున తగిలాయనుకున్నా. చెయ్యి ముసలిదైపోయిందనుకున్నా. ఇంటికెళ్ళి ఆ మాట చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు, అందుకని నడిచా."

గెంగ్ లాప్‌టాప్ మూయబోయాడు. నింగ్ దాని అంచు మీద వేలు పెట్టింది.

"ఒక్క సంగతి సార్. అలవాటు లేని చెయ్యి ఎలా తప్పుతుంది?"

"తప్పడమంటే తప్పడమే."

"కాదు. ఒక బాణం ముందు పడుతుంది, ఒకటి వెనక పడుతుంది, ఒకటి తల మీద నుంచి పోతుంది. ఈ పదమూడూ చూడండి. ఎత్తు సరిగ్గా రౌతు గుండెకి. అన్నీ గుర్రానికి ముందే. ఒక్కటీ వెనక లేదు."

ఆమె మొదటి బాణం దగ్గర ఆపింది. సెకనుకు అరవై ఫ్రేములు, అంటే అరవై బొమ్మలు. బాణం ఖాళీ గాలిలోంచి దూసుకుపోయిన చోట స్క్రీను మీద వేలు ఆనించి, రెండో చేత్తో మీట నొక్కింది. ఒక ఫ్రేము. రెండు. మూడు. నాలుగు. ఐదోసారి నొక్కేసరికి రౌతు గుండె ఆమె వేలి కిందికి వచ్చి ఆగింది.

"ఐదు," అంది.

రెండో బాణానికి ఐదు. మూడోదానికి ఐదు. గుర్రం దగ్గరున్నా దూరమున్నా, దౌడు తీస్తున్నా నడుస్తున్నా, ఐదు. ఏడో బాణం దగ్గరికి వచ్చేసరికి గెంగ్ తనే మీట నొక్కుతున్నాడు. పదమూడోది అయ్యాక ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. జెంగ్ భార్య కౌంటర్ దాటి ఎప్పుడు వచ్చిందో, వాళ్ళ వెనక నిలబడి వేళ్ళు మడుస్తోంది.

"సెకనులో పన్నెండో వంతు," అంది నింగ్. "పదమూడు సార్లూ అంతే. ఇది కొత్త చెయ్యి కాదు సార్. ఇంత కచ్చితంగా తప్పగలిగేది ఈయన ఒక్కడే. ఆ ఇరవై ఏడు నిమిషాలూ లైను సెకనులో పన్నెండో వంతు త్వరగా నడిచింది. ఆ సంగతి ఈయన చేతికి ఎవరూ చెప్పలేదు."

"లైను ఒకటే అన్నాడుగా బిన్."

"అన్నాడు."

గెంగ్ తల అడ్డంగా ఊపాడు. "ఇది నువ్వల్లిన లెక్క. కోర్టులో ఫ్రేములు చూపిస్తే నవ్వుతారు."

"అందుకే ఇక్కడ చూద్దాం. ఆయన్ని కూర్చోబెడదాం."

"అనుమతి లేని యాక్సిలరేటర్ మీద? నా ఎదురుగా?"

"అనుమతి ఇచ్చేది మీ విభాగమే కదా సార్. అరగంటకి ఒక కాగితం రాయండి."

కానిస్టేబులు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. గెంగ్ అతని వైపు ఒక చూపు చూసి, జేబులోంచి కలం తీశాడు.

*

బేడీలు విప్పాక దువాన్ మణికట్లు రుద్దుకుని నలభై ఏడో సీట్లో కూర్చున్నాడు. మొదట నింగ్ ఆ గదిలోని కంప్యూటర్ల మధ్యే ఆడే సాధన పందెం పెట్టించింది. దానికి సముద్రాలు దాటే పని లేదు, ఆలస్యమే ఉండదు.

దువాన్ పది బాణాలు వేశాడు. పదీ తప్పాయి. ఆట వెనక్కి తిప్పి చూపించినప్పుడు గెంగ్ పైకి లెక్కపెట్టాడు. పద్నాలుగు ఫ్రేములు, పద్నాలుగు, పదిహేను, పద్నాలుగు.

"పావు సెకను," గొణిగాడు గెంగ్. "ఎదురుగా ఉన్నదాన్ని కొట్టలేడు."

"నాకెప్పుడూ ఎదురుగా ఏదీ లేదు సార్," అన్నాడు దువాన్.

సరిగ్గా మూడు గంటలకు ఫ్రాంక్‌ఫర్ట్ లైను కలిపారు. అక్కడ పొద్దున తొమ్మిది. మంచు మైదానం మీద రౌతులు కనిపించారు. దువాన్ భుజాలు కిందికి దిగాయి, ఊపిరి నెమ్మదించింది.

నింగ్ ఈ ఆటను రికార్డింగులో చూసింది కానీ మనిషిని చూడటం ఇదే మొదలు. అతను గుర్రాల వైపు చూడటం లేదు. ఎవరూ లేని చోట్లు చూస్తున్నాడు. ఒక రాతి పక్క, ఒక చెట్టు వెనక, రెండు గుట్టల మధ్య ఖాళీ. ఆ ఖాళీలోకి బాణం వదిలేవాడు. చూస్తున్నవాళ్ళకు అది పిచ్చిపనిలా ఉండేది. అంతలోనే దారిలో పోయే రౌతు ఎవరో చటుక్కున అటు తిరిగి, ఆ బాణం కోసమే వచ్చినట్టు వచ్చి దాని కిందికి చేరేవాడు. ఆ రౌతును నడిపే మనిషి ఏ దేశంలో ఉన్నాడో. తను అటు తిరగబోతున్నట్టు ఆ మనిషికే ఇంకా తెలియకముందు, ఈ నూడుల్స్ వండే మనిషికి తెలిసిపోయేది. ఆ కబురు ఎడారులు దాటి, కొండలు దాటి, ఒక ఖండం పొడవునా పోయి సమయానికి చేరేది.

పదకొండు బాణాలు. పదకొండూ తగిలాయి. కానిస్టేబులు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గెంగ్ నిలబడి ఉన్నాడు, ఎప్పుడు లేచాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చుని ఇది చేస్తున్నావా?" అంది జెంగ్ భార్య. "నేను రోజూ నీకు టీ ఇచ్చి, టైం వేస్టు చేసుకుంటున్నావని తిట్టేదాన్ని కదరా."

"టీ బాగుండేది పెద్దమ్మా," అన్నాడు దువాన్, స్క్రీను మీద నుంచి చూపు తిప్పకుండా.

ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

ఇరవై మూడో బాణం గుర్రం ముక్కు ముందు నుంచి పోయింది.

దువాన్ చేతులు గాలిలో ఆగిపోయాయి. మరొకటి వేశాడు. అదీ అంతే. అతను రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టాడు. ఆ వెంటనే, ఏడు రోజులుగా మోస్తున్న బరువేదో అతని మీద నుంచి దిగినట్టయింది.

"ఇదే," అన్నాడు నెమ్మదిగా. "ఆ రోజు వచ్చింది ఇదే. చెయ్యి కాదు. చెయ్యి బాగానే ఉంది."

గెంగ్ బాణాన్ని వెనక్కి తిప్పి స్క్రీను మీద తనే వేలు ఆనించాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

నింగ్ గోడ గడియారం చూసింది. మూడూ పద్నాలుగు. శనివారం.

"పెద్దమ్మా," అంది చాలా మెల్లగా. "శనివారాలు మూడుంపావుకి ఏముంటుంది?"

"పోయిన వారం నుంచే ఏదో యూరపు లీగు పోటీ అని పిల్లలు అనుకుంటున్నారు. ఎవరెవరో ఆ లీగులో ఆడతారట, మంచి లైను కావాలని బిన్‌ని అడుగుతుంటారు. లేదురా అంటాడు వాడు."

"బిన్ ఎక్కడ?"

"నూడుల్స్‌కి వెళ్ళాడుగా," అన్నాడు కానిస్టేబులు.

నింగ్ తలుపు మీది ఆకుపచ్చ కప్పను చూసింది. గెంగ్ కూడా అటే చూశాడు. రెండూ ముప్ఫై ఐదు నుంచి ఇప్పటిదాకా అది నోరు విప్పలేదు.

ఎవరూ చెప్పకుండానే గెంగ్ బేడీలను దువాన్ ముందు నుంచి తీసి నింగ్ చేతికిచ్చి, వెళ్ళి ముందు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. కప్పకు అందేంత దగ్గరికి పోకుండా, ఒక అడుగు ఇవతలే ఆగాడు. నింగ్ బేడీలు చప్పుడు కాకుండా పట్టుకుని, బూట్లు విప్పేసి నడవాలోకి నడిచింది.

మరుగుదొడ్డి పక్కన నిచ్చెన. పైన ఇనుప తలుపు ఓరగా తెరిచి ఉంది. గొళ్ళానికి తాళం వేలాడుతోంది. ఆస్పత్రిలో పోయిందన్న తాళంచెవి అందులోనే ఉంది.

ఆమె తలుపు దాకా ఎక్కి ఆగింది. తలుపు సందులోంచి ఎండ, నీళ్ళ ట్యాంకు నీడ, దాని పక్కన గొంతుకూర్చున్న మనిషి వీపు. వాడి కాళ్ళ దగ్గర అన్నం డబ్బా అంత నల్లటి పెట్టె, దాని మీద వెలుగుతున్న పచ్చ దీపం, దానిలోకి దూరిన నీలం తీగ, కింద హాలు లైను నుంచి తెచ్చి కలిపిన మరో తీగ. ఒక చెవికి ఫోన్ ఆనించుకుని తావ్ బిన్ తాపీగా గింజలు కొరుకుతున్నాడు.

"పోయిన వారం ముసలాడు పీకబోయాడు కాబట్టి మధ్యలో ఆగింది," అంటున్నాడు. "ఇవాళ ఆగదు, డబ్బు కట్టారుగా, ఆడుకోండి. కిందే పోలీసులున్నారు, అయినా ఏం భయం లేదు. సెకనులో పన్నెండో వంతు తేడా మనిషన్నవాడికి ఎక్కడ తెలుస్తుంది?"